పది పాసైన మా పిలకాయలు రెండేళ్ల తర్వాత ఎక్కడున్నారో చెప్పండి

2025 మే 30

పాఠశాల విద్యాశాఖ పెద్దలకు, నెల్లూరు జిల్లా ప్రజాప్రతినిధులకు, హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు, పిల్లల్ని చదివించుకుంటున్న తోటి తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను ఉదయగిరి వైపు ఒక మెట్ట మండల కేంద్రంలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. నిరుడు ఆగస్టు 8న జరిగిన ఎన్నికల్లో మా జెడ్పీ హైస్కూలు యాజమాన్య కమిటీకి సభ్యుడిగా ఎన్నికయ్యాను. నా కూతురు అదే బడిలో తొమ్మిది పూర్తిచేసింది, జూన్ 12న బడి తెరిస్తే పదిలో కూర్చుంటుంది. ఈ లేఖలో ఉన్నవి నా ఒక్కడి మాటలు కావు. కమిటీలో ఉన్న కొందరు తల్లిదండ్రులం కూర్చుని మాట్లాడుకున్నాక రాస్తున్నాను.

నిరుడు దసరా సెలవుల తర్వాత మేం ఒక అర్జీ ఇచ్చాం. అడిగింది ఒకే ఒక్క విషయం. మా హైస్కూల్లో పది పూర్తిచేసిన పిల్లలు రెండేళ్ల తర్వాత ఏం చేస్తున్నారో లెక్క తీసి మాకు చెప్పండి అన్నాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైనట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. లెక్క మాత్రం రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, "మీ స్కూలు పాస్ పర్సెంటేజీ బాగానే ఉంది కదా, ఇంకేం కావాలి?" అన్నారు. ఆ కార్యాలయం ఏదో ఇక్కడ రాయడం లేదు. ఒక అధికారి మీద ఫిర్యాదు చేయాలని మా ఉద్దేశం కాదు. అదే జవాబు బడిలోనూ, ఊళ్లోనూ, టీవీలోనూ వినిపిస్తోంది కాబట్టే అందరికీ కలిపి రాస్తున్నాం.

ముందు ఆ పాస్ పర్సెంటేజీ సంగతే చూద్దాం. ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రంలో 6,14,459 మంది పది రాస్తే 4,98,585 మంది పాసయ్యారు, అంటే 81.14 శాతం. నిరుడు 86.69 శాతం. అంతకు ముందు ఏడాది 72.26. 2022లో 67.26. కరోనాకు ముందు, 2019లో 94.88. ఈ ఆరేళ్లలో మన పిల్లల తెలివితేటలు ఇలా పడుతూ లేస్తూ వచ్చాయని మీరూ అనరు, మేమూ అనం. 2019 వరకు బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఉండేవి, తర్వాత తీసేశారు. పదకొండు పేపర్లుండేవి, తగ్గించారు. కరోనా రెండేళ్లు పరీక్షే లేదు, అందరినీ పాస్ చేశారు. ఈ ఏడాది పదికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. పరీక్ష మారితే శాతం మారుతోంది. మా అమ్మాయి ఇంటర్‌కో, ఐటీఐకో, ఒక పనికో ఎంతవరకు తయారైందని అడిగితే ఆ అంకెలో జవాబు లేదు.

ఈ సంగతి జనానికి ఎప్పుడో తెలిసిపోయింది. మా ఊళ్లో బైకు మెకానిక్‌ను అడగండి. "పది పాసైన వోడే, కావలసిన సామాన్లు లిస్టు రాయరా అంటే నా మొహం చూస్తాడు" అంటాడు. ఇంటర్ లెక్చరర్‌ను అడిగితే, మొదటి రెండు నెలలు హైస్కూలు లెక్కలే మళ్లీ చెప్పాల్సి వస్తోందంటారు. హైస్కూలు సార్లను అడిగితే, ఆరో తరగతికి వచ్చేటప్పటికే తెలుగు పేరా చదవలేని పిల్లలు వస్తున్నారు, మేం ఏ సిలబస్ చెప్పాలి అంటారు. ప్రైమరీ టీచర్లు, ఒకరిద్దరమే ఐదు తరగతులు చూస్తున్నాం, ఇంటి దగ్గర పుస్తకం తీయించే వాళ్లు లేరు అంటారు. ఇంటి దగ్గరున్న అవ్వను అడిగితే, కొడుకూ కోడలూ బెంగళూరులో బిల్డింగ్ పనిలో ఉన్నారు, నాకు చదువు రాదు నాయనా అంటుంది. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ వీళ్లందరినీ ఒక చోట కూర్చోబెట్టి, పది పూర్తయ్యేసరికి మన పిల్లకు ఏం వచ్చి ఉండాలి అని అడిగిన వాళ్లు ఇంతవరకు లేరు.

బడుల్లో మంచి జరగలేదని మేం అనడం లేదు. 2019 నవంబరు 14న ఒంగోలు పీవీఆర్ మున్సిపల్ హైస్కూల్లో బడులు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పటి నుంచి మరుగుదొడ్లు, మంచినీళ్లు, బెంచీలు, రంగులు వచ్చాయి. పుస్తకాలు, బూట్లు, బ్యాగులు అందుతున్నాయి. మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు. ఏ ప్రభుత్వం చేసినా అది మా పిల్లలకు చేసిందే, అందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు ఆ గదుల్లో జరుగుతున్న చదువు గురించి మాట్లాడాలి. దాని వల్ల మామూలు కుటుంబాలకు ఏం జరుగుతోందో మేం చూసినంత వరకు చెబుతాం.

1. చదివింది అర్థం కాకుండానే పిల్లలు పది దాటుతున్నారు.

ఈ మార్చిలో పది రాసిన వాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఇంగ్లిష్ మీడియం. ఇంగ్లిష్ వద్దని మా వైపు తల్లిదండ్రులు ఒక్కరూ అనరు. కూలికి వెళ్లే తల్లి కూడా తన బిడ్డ ఇంగ్లిష్‌లో మాట్లాడాలనే కోరుకుంటుంది. అందుకోసమే ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఒక భాషగా రెండు భాషల పుస్తకాలు ఇస్తున్నారు, ఆలోచన మంచిదే. కానీ బడిలో జరిగేది వేరు. పిల్లలు ఇంగ్లిష్ జవాబును బట్టీ పడతారు. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకోవాలంటే తెలుగు చదవడం రావాలి, అది చాలామందికి రాదు. నా సెంటర్‌కు వచ్చే పిల్లలతో, "ఇక్కడ ఏం అడిగారో నువ్వే చదివి చెప్పు" అంటాను. తండ్రి వృత్తి, శాశ్వత చిరునామా, స్థానికత వంటి మాటల దగ్గర ఆగిపోతారు. ఇంగ్లిష్‌లోనూ ఆగుతారు, తెలుగులోనూ ఆగుతారు. వీళ్లు మొద్దులు కారు. సోషల్‌లో పేజీన్నర జవాబు తడుముకోకుండా ఒప్పజెబుతారు. ఒక్క ప్రశ్న తిప్పి అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు.

ఇది మా మండలంలోనే ఉందని అనుకోవద్దు. ప్రథమ్ సంస్థ 2023లో చేసిన అసర్ సర్వేలో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లలను చూశారు. నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతం మందే. ఆ సర్వే దేశం మొత్తం మీద 28 జిల్లాల్లో జరిగింది, మన రాష్ట్రం నుంచి శ్రీకాకుళం ఒక్కటే తీసుకున్నారు. నెల్లూరు జిల్లా పిల్లల సంగతి మనమే చూసుకోవాలి.

2. లెక్కల్లో పాసైన పిల్లలు ఇంటి లెక్క వేయలేకపోతున్నారు. దీని నష్టం రూపాయల్లో కనిపిస్తోంది.

మన జిల్లాలో వడ్లు పుట్టి లెక్కన అమ్ముతాం. పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధరను క్వింటాలుకు చెబుతుంది. 2024-25 సీజన్‌లో ఏ గ్రేడు వడ్లకు అది క్వింటాలు 2,320 రూపాయలు. మరి పుట్టికి ఎంత? ఎనిమిదిన్నర క్వింటాళ్లకు 19,720 రూపాయలు. తేమ ఉందనో, తాలు ఉందనో పుట్టికి 850 బదులు 920 కిలోలు తూకం వేయించుకుంటే రైతు ఎంత పోగొట్టుకున్నట్టు? 70 కిలోలు, అంటే 1,624 రూపాయలు. ఎకరాకు మూడు పుట్లు పండించిన వాళ్లకు దగ్గర దగ్గర ఐదు వేలు. ఐదెకరాల కౌలు రైతుకు పాతిక వేలకు కొంచెం తక్కువ. పిల్లవాడి ఏడాది హాస్టల్ ఖర్చులో అది పెద్ద భాగం.

ఈ లెక్కకు గుణకారం, దశాంశాలు వస్తే చాలు. హైస్కూలు మొదట్లోనే వచ్చి ఉండాల్సినవి. పదిలో త్రికోణమితి చేసిన పిల్లల్ని ఈ లెక్క అడిగితే చాలామంది ఫోన్ తీస్తారు. తీశాక దేన్ని దేనితో గుణించాలో తెలియక ఆగిపోతారు. కయ్యల్లో పెరిగిన తాతలు బడికి వెళ్లకుండానే ఇదే లెక్క నోటితో వేసేవాళ్లు. పదేళ్లు బడికి పంపించాక కూడా బిడ్డ కాటా దగ్గర తండ్రికి అక్కరకు రాలేదంటే, చదువు మీద ఆ తండ్రికి నమ్మకం ఎలా ఉంటుంది?

ఇలా ఎందుకు జరుగుతోందో మాకు తెలుసు, మీకూ తెలుసు. డిసెంబరు వచ్చేసరికి వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. స్లిప్ టెస్టులు, ఉదయం స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం కూడా బడి. వెనకబడిన పిల్లలకు గ్రాఫు, నిర్మాణాలు, మ్యాపులో గుర్తింపు, సైన్సు బొమ్మలు మళ్లీ మళ్లీ చేయించి 35 మార్కులు తెప్పిస్తారు. ఆ టీచర్ల కష్టం మేం కళ్లారా చూశాం. తమ డబ్బుతో పిల్లలకు టిఫిన్ పెట్టించి రాత్రి దాకా కూర్చున్న సార్లు ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. కానీ భాగాహారం రాని పిల్లవాడికి భాగాహారం నేర్పడానికి ఎనిమిదిలోనూ, తొమ్మిదిలోనూ ఏ ప్రణాళికా ఉండదు. పదిలో వంద రోజులు మిగిలినప్పుడు నేర్పడానికి సమయం ఉండదు, గట్టెక్కించడానికే సమయం. పైనుంచి అడిగేది కూడా గట్టెక్కించారా లేదా అనే కదా.

3. పది తర్వాత ఏముందో పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ముందుగా చెప్పే దిక్కు లేదు.

ఫలితాల రోజు నుంచి తల్లులు నా సెంటర్‌కు వస్తారు. "అన్నా, మా వోడు పాసయ్యాడు. ఏంట్లో చేర్పించాలో నువ్వే చెప్పన్నా" అంటారు. మార్కుల మెమో నా చేతిలో పెట్టి నిలబడతారు. నేను ఫారాలు నింపే మనిషిని. ఆ పిల్లవాడికి ఏది ఇష్టమో, దేంట్లో చురుకో ఐదేళ్లు చూసిన వాళ్లు బడిలో ఉన్నారు. ఈ ప్రశ్నకు జవాబు బడిలో దొరకాలి.

పాలిటెక్నిక్ డిప్లొమా ప్రవేశ పరీక్ష పాలిసెట్ ఈ ఏడాది ఏప్రిల్ 30న జరిగింది. దరఖాస్తు గడువు మాత్రం పది ఫలితాలు రాకముందే ముగిసిపోయింది. ఫలితాలు చూసుకుని, మా అమ్మాయిని డిప్లొమాలో చేర్పిస్తామని వచ్చిన వాళ్లకు గడువు అయిపోయిందని చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేదు. మూడేళ్ల డిప్లొమా చేసి ఉద్యోగానికో, ఇంజినీరింగ్ రెండో సంవత్సరానికో వెళ్లగలిగే పిల్లలు ఒక తేదీ తెలియక ఆ దారి పోగొట్టుకుంటున్నారు. ట్రిపుల్ ఐటీల్లో సీటు పది మార్కుల మీదే వస్తుందని, ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం అదనంగా కలుపుతారని తొమ్మిదిలోనే తెలిస్తే కొందరు ఇంకా గట్టిగా చదువుతారు. ఐటీఐ అంటే చదువు రాని వాళ్లు చేరేదని మన జనంలో ఒక చిన్నచూపు ఉంది. కృష్ణపట్నం రేవులో, శ్రీసిటీ కంపెనీల్లో, తడ, మాంబట్టు వైపు ఫ్యాక్టరీల్లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ పనులకు ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతారని చెబితే తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. రామాయపట్నం రేవు వస్తే మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయని సభల్లో వింటున్నాం. ఏ పిల్లలకు, ఏ చదువుతో అని కూడా చెబితే మంచిది.

బడి చెప్పకపోతే చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఫిబ్రవరి నుంచే ఇళ్ల చుట్టూ తిరుగుతారు. పిల్ల పేరు, తండ్రి ఫోన్ నంబరు వాళ్ల దగ్గర ఉంటాయి. అవి ఎలా చేరుతున్నాయో ఎవరైనా విచారించాలి. ఒక్కో అడ్మిషన్‌కు ఇంత అని కమీషన్ తీసుకునే మనిషి వచ్చి ఎంపీసీలో వేయండి, సీటు రిజర్వ్ చేసుకోండి అంటాడు, అడ్వాన్సు తీసుకుని వెళ్తాడు. చాలా కుటుంబాలకు తమ బిడ్డ భవిష్యత్తు గురించి దొరికే సలహా అదొక్కటే.

4. ఆడపిల్లలకు ఈ నష్టం ఇంకా ఎక్కువ. పది తర్వాత కాలేజీ పక్క ఊళ్లోనో, పాతిక కిలోమీటర్ల అవతలో ఉంటుంది. బస్సు వేళకు రాదు. ఆడపిల్లల కోసమే 2022-23లో 292 హైస్కూళ్లలో ఇంటర్ పెట్టారు, కానీ అక్కడ ఏం చెబుతారో, ఎవరు చెబుతారో నమ్మకం కలగక చాలామంది పంపలేదు. ఇంట్లో కూర్చున్న పిల్లకు సంబంధాలు రావడం మొదలవుతుంది. పద్దెనిమిది నిండలేదని చెప్పే గట్టితనం పిల్లకు ఉండాలంటే చేతిలో ఒక చదువో, ఒక పనో ఉండాలి.

5. ప్రభుత్వ హైస్కూలు మీద నమ్మకం పోయిన తల్లిదండ్రులు అప్పులు చేస్తున్నారు. తల్లి పుస్తెల గొలుసు బ్యాంకులో పెట్టి, చీటీ పాడుకుని ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు అన్న బోర్డున్న బడిలో చేర్పిస్తున్నారు. అక్కడ బాగా నేర్పే వాళ్లూ ఉన్నారు. అయితే అక్కడ కూడా చదివింది సొంత మాటల్లో చెప్పలేని పిల్లల్నే నేను చూస్తున్నాను, ఫీజు కట్టిన రసీదు మాత్రం అదనంగా ఉంటుంది. ర్యాంకులు వచ్చిన వాళ్ల ఫొటోలు పేపర్లో వేస్తారు. మిగతా క్లాసు సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు.

6. ఇక ఈ ఏడాది పాస్ కాని 1,15,874 మంది. ఈ నెల 19న మొదలైన సప్లిమెంటరీ పరీక్షలు ముగిశాయి. వాళ్లలో పాసైన వాళ్లకు ఒక ఏడాది మిగులుతుంది, మంచిదే. మళ్లీ తప్పిన వాళ్ల దగ్గరికి బడి తరఫున ఎవరూ వెళ్లరు. టీసీ ఇచ్చాక వాళ్లు ఏ రిజిస్టర్లోనూ ఉండరు. నిమ్మతోటల్లో, రొయ్యల గుంటల దగ్గర, మేస్త్రీల వెంట కనిపిస్తారు. పదహారేళ్ల పిల్లలు వాళ్లు.

ఈ మెట్ట నేల మీద చదువుకు ఎంత శక్తి ఉందో లోకానికి చూపించిన ఊరు ఒకటి ఉంది. కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో మన జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు వాచకంలో తమలాంటి ఒక ఇల్లాలి కథ చదివారు. సారా కొట్టు ఊళ్లో ఎందుకుండాలి అని అడిగారు. రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు ఆ కొట్టు మూయించారు. అక్కడి నుంచి లేచిన ఉద్యమం జిల్లా దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లకు ఏ సర్టిఫికెట్టూ లేదు. చదివింది తమ బతుకుకు అన్వయించుకున్నారు. మా పిల్లలకు మేం కోరేది అలాంటి చదువు. కొన్ని నెలల రాత్రి బడి ఇవ్వగలిగినదాన్ని పదేళ్ల పగటి బడి ఎందుకు ఇవ్వలేకపోతోందో ఆలోచించమని అడుగుతున్నాం.

మా కోరికలు ఇవి.

ఒకటి. ప్రతి హైస్కూలుకూ రెండేళ్ల లెక్క తీయండి. 2023లో పది రాసిన వాళ్లలో ఈ రోజు ఇంటర్ పాసైన వాళ్లెందరు, ఐటీఐ, పాలిటెక్నిక్, ట్రిపుల్ ఐటీలో ఉన్న వాళ్లెందరు, మధ్యలో మానేసిన వాళ్లెందరు, పనిలో ఉన్న వాళ్లెందరు, పెళ్లయిన వాళ్లెందరు. పిల్లల పేర్లు అక్కర్లేదు, సంఖ్యలు చాలు. వాటిని బడి నోటీసు బోర్డు మీద, గ్రామ సచివాలయంలో పెట్టండి. ఇదంతా కొత్త పని అనకండి. పిల్లలకు 12 అంకెల అపార్ నంబరు, అంటే విద్యార్థి గుర్తింపు సంఖ్య, ఇప్పించడానికి తల్లిదండ్రుల చేత అంగీకార పత్రాలు రాయించుకున్నారు, ఆధార్‌లో పేరు సరిచేయించడానికి మమ్మల్ని తిప్పారు. ఇంటర్ బోర్డు దగ్గర, ఐటీఐల దగ్గర, సాంకేతిక విద్యాశాఖ దగ్గర చేరిన వాళ్ల వివరాలు ఉన్నాయి. వాటిని కలిపి చూస్తే చాలావరకు తెలుస్తుంది. మిగిలిన వాళ్ల కోసం సచివాలయ సిబ్బందితో పాటు మా కమిటీ సభ్యులం ఇల్లిల్లూ తిరుగుతాం. ఈ లెక్క ప్రైవేటు హైస్కూళ్లకూ వర్తించాలి. ప్రకటనలో ర్యాంకు వేసుకునే ప్రతి బడీ రెండేళ్ల లెక్క కూడా చూపించాలి.

రెండు. ఎనిమిదో తరగతి చివర ప్రతి పిల్లకూ చదవడం, సొంతంగా పది వాక్యాలు రాయడం, నాలుగు ప్రక్రియలు, శాతాలు వచ్చో రాదో చూడండి. రాకపోతే తరగతి ఆపమని అడగడం లేదు, ఆపితే బడే మానేస్తారు. తొమ్మిదిలో రోజుకు ఒక పీరియడ్ వాళ్ల కోసం కేటాయించండి. ఆ పీరియడ్‌ను పది పిల్లల స్పెషల్ క్లాసులకు వాడుకోకుండా ఉత్తర్వు ఇవ్వండి. ఆ పీరియడ్‌లో తెలుగు చదవడానికి సగం సమయం ఉండాలి. తెలుగు చదివి అర్థం చేసుకునే పిల్ల ఇంగ్లిష్ కూడా నేర్చుకుంటుందని మా టీచర్లే చెబుతున్నారు.

మూడు. పది తర్వాత దారులు చెప్పే సమావేశం సంక్రాంతి సెలవుల్లో పెట్టండి. నిరుడు డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిపారు. ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చి, కూర్చోబెట్టి మాట్లాడారు. మంచి పని. కానీ వరికుంటపాడు, దుత్తలూరు, కొండాపురం వైపు ఎన్నో ఇళ్లలో తల్లిదండ్రులు ఆ రోజు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో పనిలో ఉన్నారు. అవ్వాతాతలు వచ్చి సంతకాలు పెట్టారు. సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు. పండగ మర్నాడో, ఆ తర్వాత రోజో ఒక పూట చాలు. దగ్గరి ఐటీఐ నుంచి ఒకరు, పాలిటెక్నిక్ నుంచి ఒకరు, జూనియర్ కాలేజీ నుంచి ఒకరు, అదే బడిలో చదివి ఇప్పుడు పనిలో ఉన్న నలుగురు పిల్లలు వచ్చి మాట్లాడాలి. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ దరఖాస్తు తేదీలు, కావలసిన సర్టిఫికెట్లు ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ప్రతి ఇంటికీ ఇవ్వాలి. సెలవు రోజున వచ్చే టీచర్లకు వేరే రోజు సెలవు ఇవ్వండి.

నాలుగు. బడిలోనే ఏడాది పొడవునా పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల ప్రాజెక్టులు ఇప్పుడు నెట్ సెంటర్లలో ప్రింట్ అవుతున్నాయి. ఒక క్లాసు పిల్లలందరూ ఒకే నాలుగు పేజీలు తీసుకుపోతారు. వాటి బదులు పిల్ల తన ఊళ్లో చేయగలిగింది ఇవ్వండి. పుట్టి లెక్క, కరెంటు బిల్లు, ఒక బ్యాంకు అప్పు మీద మూడేళ్ల వడ్డీ, బోరు నీటిలో ఫ్లోరైడ్, సచివాలయానికి ఒక అర్జీ రాయడం. రెండు పేజీలైనా చేతిరాతతో, సొంత మాటల్లో ఉండాలి. మార్కులు తక్కువ వచ్చినా మేం గొడవ పెట్టుకోం, కమిటీ తరఫున ఈ మాట ఇస్తున్నాం.

ఐదు. గత నెల 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చారు. కొత్త టీచర్లు వచ్చాక లెక్కలు, ఫిజికల్ సైన్స్, ఇంగ్లిష్ ఖాళీలను ముందు మెట్ట మండలాల్లో నింపండి. ఊరికి దూరమని ఏడాదికే బదిలీ చేయించుకుని వెళ్లిపోకుండా చూడండి.

ఆరు. పాస్ శాతం తగ్గిందని హెడ్‌మాస్టర్లకు మెమోలు ఇవ్వడం, శాతాన్ని బట్టి బడులకు స్థానాలు ఇవ్వడం ఆపండి. దానివల్లే బలహీనమైన పిల్లను భారంగా చూడాల్సి వస్తోంది.

ఏడు. ప్రతి హైస్కూలు కమిటీ సమావేశంలో ఒక గంట ఈ ఒక్క విషయానికి ఇవ్వండి: పది అయ్యేసరికి మన పిల్లకు ఏం రావాలి? తల్లిదండ్రులు, ప్రైమరీ టీచర్లు, హైస్కూలు టీచర్లు, ఒక ఇంటర్ లెక్చరర్, ఊళ్లో పని ఇచ్చే వాళ్లు ఇద్దరు, పదో తరగతి పిల్లలు ఇద్దరు కూర్చోవాలి. ఎవరేమన్నారో మినిట్స్ పుస్తకంలో రాయాలి. మండలం నుంచి జిల్లాకు ఆ పుస్తకాల సారం వెళ్లాలి. జనం హైస్కూలు గురించి ఏమనుకుంటున్నారో పేపర్ చూసి ఊహించుకోవడం కంటే జనాన్నే అడగడం మేలు.

తోటి తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఫలితాల రోజు బంధువులు ఫోన్ చేసి ఎన్ని మార్కులని అడుగుతారు, మనమూ అవే చెబుతాం. ఆ వారంలోనే పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేపర్ వార్త చదివించండి, ఒక బిల్లు లెక్క వేయించండి. రాకపోతే తిట్టవద్దు. జూన్‌లో బడికి వచ్చి, మా బిడ్డకు ఇది రావడం లేదు, ఏం చేద్దాం సార్ అని అడగండి. పదిమంది తల్లులు ఒకే ప్రశ్న అడిగితే ఆ బడిలో టైమ్‌టేబుల్ మారుతుంది.

విద్యాశాఖ పెద్దలు ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఏడు కోరికల్లో ఏది వీలవుతుందో, ఏది వీలు కాదో, ఎందుకు కాదో జూన్ 12లోగా చెప్పండి. మొదటి కోరిక మాత్రం వీలు కాదనడానికి కారణం మాకు కనిపించడం లేదు. జవాబు వచ్చినా రాకపోయినా, బడి తెరిచిన వారంలో మా హైస్కూల్లో 2023 బ్యాచ్ పిల్లల లెక్క మేమే మొదలుపెడుతున్నాం. హెడ్‌మాస్టారి దగ్గర అడ్మిషన్ రిజిస్టరు చూసుకోవడానికి కమిటీ తీర్మానం చేసి అనుమతి అడుగుతాం. ఆ అనుమతి ఇప్పించండి.

ఇట్లు,
ఒక మెట్ట మండల జెడ్పీ హైస్కూలు యాజమాన్య కమిటీ సభ్యుడు, కొందరు తల్లిదండ్రులు
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా